లాగ్‌బుక్కుల రాయని కారణం

సాయంత్రం ఆరు పది.
మీటరు ముల్లు పొయ్యి మీది పాల లెక్క లేస్తంది.
మిర్యాలగూడ అవతల ఊర్లన్నీ ఒక్కసారే
లైట్లేస్తున్నయి, కుక్కర్లు పెడుతున్నయి,
వరి మడుల కాడ మోటార్లు గొంతు సవరించుకుంటున్నయి.

పొద్దంతా మమ్ముల ఎండ మోసింది.
పాలమూరు దిక్కు పల్లిచేలల్ల పరిచిన నల్ల పలకలు
పన్నెండింటికి ఎంత ధీమాగ ఉండెనో
ఇప్పుడు అంత మౌనం.
ఎండ అప్పియ్యదు.
పొద్దు గూకంగనే దుకాణం కట్టేస్తది.

ఇగ మిగిలింది కృష్ణ ఒడ్డు చిమ్నీ.

మొన్న షామియానా కింద దాని మీదనే మీటింగు.
మూసెయ్యాలన్నది రూప్లి.
మైకును గరిటె పట్టినట్టు పట్టుకున్నది.
"ఆరబోసిన మిరప తెల్లారేసరికి బూడిద కప్పుకుంటది సారూ,
మనవనికి పొగమిషన్ పెడితే గని నిద్ర రాదు."
కూసున్నది. మళ్ల లేచింది.
"ఆ మిషను గూడ కరెంటుదే" అన్నది.
ఎవ్వరూ నవ్వలె.

మూయొద్దన్నడు సైదులు.
వాళ్ల నాయిన రాత్రి రెండింటి కరెంటుకు
బ్యాటరీ లైటు నోట కరుచుకొని పోయి
తడి చేత్తోని స్టార్టరు ముట్టిండు.
తెల్లారి జూస్తే మడి పారుతనే ఉన్నది,
గట్టు తెగి పక్క చేనుకు గూడ.
ఇంకో లెక్క ఏదీ చెప్పలె సైదులు.
ఆ గట్టు కాడనే ఆగిపోయిండు.

పట్నం నుంచి వచ్చినాయన తెర మీద గీతలు చూపిచ్చిండు.
బ్యాటరీలొస్తయట, ఎత్తిపోసిన నీళ్లు రాత్రి కిందికి దుంకుతయట,
బాయిలర్లను ఒక్కొక్కటే చల్లార్చొచ్చట.
నిజమే గావొచ్చు. ఆయన కండ్లల్ల అబద్ధం లేదు.
మర్రిగూడ నుంచి కట్టెల మీద వచ్చిన గాలయ్య అడిగిండు:
"అందాక మా మంచినీళ్ల మిషన్ ఆగితే?
ఒక్క నెలనే అంటరు.
మా బొక్కలు అట్లనే ఒక్కొక్క నెల వంగినయి."

ఆరు యాభై. ఫోను.
"ఫ్రీక్వెన్సీ పడుతంది. ఒక ఫీడరు తియ్, ఇరవై నిమిషాలు."
ఏదని వాళ్లు చెప్పలె. నేనడగలె.
పద్నాలుగేండ్ల నౌకరి, చెయ్యి తనంతట తనే
తండా ఫీడరు మీదికి పోయింది.

గీతల మీద గీతలు గీసి కొట్లాడిన ఆ మీటింగుల
ఈ చెయ్యి సంగతి ఎవ్వరూ ఎత్తలె.
బొగ్గున్న నాడు గూడ రూప్లి ఇంట్లనే చీకటి,
రేపు బ్యాటరీలొచ్చినా
మీట కాడ కూసునేది నా అసొంటోడే గద.

బజారు ఫీడరు గుంజిన.
మా ఇల్లు గూడ దాని మీదనే, ఇంజనీరు సారు ఇల్లు గూడ.
ఫోను మోగుతంది. మోగనీ.
టైము రాసిన. ఫీడరు పేరు రాసిన.
కారణం అన్న గడిల పెన్ను ఆగింది.
కాయితం మీద ఎప్పటి బూడిదనో,
బొటనవేలుతో తుడిస్తే
రాసిన టైము గూడ అలుక్కపోయింది.