ఇరవై నాలుగు వోల్టులు

కాలువ కట్టేసి పద్దెనిమిది రోజులు.
మార్టేరు లాకుల కింద ఒండ్రు నెర్రెలిచ్చింది.
గుర్రపుడెక్క ఎండి పీచయింది.
ఏ పడవలోంచో ఎన్నడో జారిన చెప్పు ఒకటి
మళ్ళీ ఎండ మొహం చూసింది.
జూన్ మొదటికి నీళ్ళొదులుతారు.
ఈలోగా రెక్కగోడ లేవాలి.
అందుకని రాత్రులు కూడా పని.
అందుకని నేను.

పేరు గెడ్డం ప్రకాశం. నవ్వండి, పర్లేదు.
ఆ పేరు పెట్టేనాటికి
మా పేటకి కరెంటు లేదు.

ఇనుప పైపుల పరంజా, మూడంతస్తులు.
"నాలుగు హాలోజన్లు కట్టెయ్ బైండింగు తీగతో,
గంటలో అయిపోవాల" అన్నాడు మేస్త్రి కోనాల సూర్రావు.
ఇనుప పైపుకి ఇనుప తీగతో కరెంటు కట్టడమంటే
పలుపుతాడనుకుని పాముని
గేదె మెడకి చుట్టడం.
ఆ మాట అనలేదు. అన్నది ఇంతే:
"రెండు గంటలు పడతదండీ."

ముందు భూమి.
ఎర్తు గొట్టం కాలువ అడుగున దిగ్గొట్టాను.
మూడడుగుల్లోనే తడి.
పైన ఎంత పగిలినా
లోపల కాలువ కాలువే.

తర్వాత పసుపు డబ్బా, ట్రాన్స్‌ఫార్మరు.
రెండొందల ముప్పైని గట్టు మీదే కూర్చోబెట్టి
ఇరవై నాలుగుని మాత్రం పరంజా ఎక్కనిచ్చాను,
తాగొచ్చిన మావయ్యని
పెళ్ళి పందిరి బయటే ఆపినట్టు.

వైరు పలక కింద నలక్కూడదు, పైపుని రాసుకోకూడదు.
కొక్కేలు చాల్లేదు.
పాత సైకిలు ట్యూబు కోసి, వెదురు ముక్కలు తొడిగి
మనిషి తలకి పైన, తాపీ చేతికి దూరంగా
వేలాడదీశాను.
బల్బుకో జాలీ.
నిచ్చెన తలకొకటి, పాదానికొకటి బ్యాటరీ దీపం.

వెలిగించాక బాగుందనుకున్నాను.
గమేళా నెత్తినెట్టుకుని రెండో అంతస్తెక్కిన మరిడమ్మ
అక్కడే ఆగిపోయింది.
"నా నీడే నాకడ్డం పడతంది బాబూ,
మెట్టు కనబట్టంలా."

పదేళ్ళ సర్వీసు నాది.
దీపం ఎక్కడ పెట్టాలో చూశాను గానీ
నీడ ఎక్కడ పడుతుందో చూడలేదు.
మూడు దీపాలు విప్పి పక్కకి కట్టాను.
సూర్రావు వాచీ చూసుకున్నాడు.
మరిడమ్మ మెట్టు చూసుకుంది.

ఇంతకు ముందు భీమవరం వైపు
రొయ్యల చెరువుల మీద ఏరేటర్లకి తీగలు లాగేవాణ్ణి.
తడి గట్టు మీద అతుకు తొక్కిన కుర్రాడొకడు
నాకు తెలుసు. పేరు చెప్పను.
వాళ్ళమ్మ ఇప్పటికీ
ఫ్యాను స్విచ్చు వెయ్యడానికి పక్కింటివాళ్ళని పిలుస్తుంది.

రాత్రి ఒంటిగంట. నాలుగు చినుకులు.
ఇసక ట్రాక్టరు వెనక్కొచ్చి వెనక్కొచ్చి
గట్టు మీద పెద్ద వైరుని తొక్కింది.
టక్.

అంతా చీకటి.
పైనుంచి సూర్రావు నన్నూ
నా డబ్బాలనీ, నా ట్రిప్పర్నీ,
నాకు పనిచ్చిన వాళ్ళనీ
వరసపెట్టి తిట్టాడు.
నిచ్చెన పైనా కిందా
రెండు చిన్న దీపాలే మిగిలాయి.
వాటి మధ్యనుంచి
ఒక్కొక్కరే, పాదం తర్వాత పాదం, దిగారు.

టార్చి పెట్టుకుని వెతికాను.
తోలు లేచిపోయిన చోట రాగి
తడిమట్టిలో తళతళలాడుతోంది.
దానికి బారెడు దూరంలో
చెప్పుల్లేని కాళ్ళతో నిలబడి మరిడమ్మ
నీళ్ళు తాగుతోంది.
"కరెంటు ఎప్పుడొస్తది?" అంది.
"వస్తదిలే" అన్నాను,
ఇంకేం చెప్పాలో తోచక.

అన్నట్టుగానే జూన్ వచ్చింది. నీళ్ళొచ్చాయి,
ముందు నురగ, ఆ వెనక ఎర్రటి ఒండ్రునీళ్ళు.
అంతకు ముందురోజే
వైరు మోచేతికి చుట్టుకున్నాను,
వెదురు ముక్కలు సంచీలో వేసుకున్నాను.
గొట్టం ఒక్కటి ఎంత లాగినా రాలేదు.

బిల్లులో రాశాను:
ఎర్తు గొట్టం, ఒకటి, కాలువలో ఉంది.
సూర్రావు ఆ లైను కొట్టేశాడు.