ముంజేతిలో సగం గింజ

అవేరో ఆసుపత్రి, నేలమాళిగ, మూడో గది.
ఇక్కడ నా పని ఎముకల్ని తూచడం.
తక్కెడ లేదు.
ఒక బల్ల, దానిమీద మెల్లగా జరిగే ఇనుప చెయ్యి,
తెరమీద బూడిదరంగు వెన్నుపూసలు,
వాటి కింద అంకెలు.
అంకె ముందు చిన్న గీత పడితే
నా ముఖం మామూలుగా ఉంచుకోవాలి.
పదహారేళ్లుగా అదే నా అసలు ఉద్యోగం.

దియోలిందా అరవై మూడేళ్లకు వచ్చింది.
రొట్టెల కొట్టామె, మోచేతుల దాకా పిండి వాసన.
"మెడలో నాలుగు బియ్యపు గింజలుంటాయట,
ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదే!" అని నవ్వింది.
నాలుగింట్లో ఒకటి ఎందుకో ఉబ్బింది.
వాళ్లమ్మకు లేదు, కూతుళ్లకు రాదు.
నడిచే దారిలో రాయి తగిలినట్టు తగిలింది.
ఆ ఒక్క గింజే రాత్రింబవళ్లు
ఎముకల్లోంచి సున్నం తోడి
రక్తంలో పోసింది.
తీసేశారు.
మరుసటి ఏడు అంకె కాస్త పైకి లేచింది.
గుడ్డుసొన మిఠాయి పొట్లం ఒకటి
నా బల్లమీద పెట్టి వెళ్లింది.
దొంగ ఒక్కడే అయితే
పట్టుకోవడం తేలిక.

ఇరియాకి ఇరవై ఆరు.
ఉప్పుమడుల వాళ్ల పిల్ల.
పేరడిగితే ముందు ఇంటిపేరు చెప్పింది.
ఆ ఇంటిపేరుతో నా బీరువాలో
ఇప్పటికే ఏడు ఫైళ్లున్నాయని ఆమెకు తెలుసు.
తాతకి మూత్రపిండాల్లో రాళ్లు.
మేనత్తకి మానని కడుపు పుండు.
నాన్న ఉప్పుతట్ట ఎత్తబోతే
మణికట్టు పుటుక్కుమంది, ముప్పై నాలుగేళ్లకే.
"మన ఎముకలు ఉప్పుతో చేసినవర్రా,
వానొస్తే కరుగుతాయి" అనేదట నాన్నమ్మ
పెళ్లి భోజనాల్లో, అందర్నీ నవ్వించడానికి.

ఈమెలో నాలుగు గింజలూ మేలుకున్నాయి.
ఎప్పుడన్నది ఎవరికి తెలుసు?
స్కూలు సంచి మోసే రోజుల్లోనే కావచ్చు,
ఎముక ఇంకా కట్టుకుంటున్నప్పుడే.
దియోలిందా పూర్తయిన గోడలోంచి ఇటుకలు పోగొట్టుకుంది.
ఇరియాకి మేస్త్రీ పేరుస్తుండగానే
వెనకనుంచి ఎవరో ఎత్తుకుపోయారు.
ఇద్దరి ముంజేతుల్లోనూ ఇంచుమించు అదే అంకె.
మధ్యలో ముప్పై ఏడేళ్లు.
యంత్రానికి అది పట్టదు.

నాలుగూ తీసేసి
ఒకదాంట్లో సగం ముంజేతి కండలో నాటారట.
మళ్లీ పెరిగితే మెడ కోయక్కర్లేదు,
చెయ్యి కోస్తే చాలని.
"ఏ చెయ్యి?" అన్నాను.
"ఎడమ."
నేను తూచవలసిందీ ఎడమే.
ఎక్కువ పల్చబడిందీ అక్కడే.
"దొంగని కొట్టు పక్కనే కాపలా పెట్టారు"
అన్నది నేను కాదు, తనే.

బయట ఉప్పుకుప్పల మీద
తాటిపత్రీలు కప్పుతున్నారు, అక్టోబరు వాన.
బల్లమీద పడుకుని అడిగింది:
"తోమెకి నాలుగేళ్లు.
వాడికీ ఉందని తేలితే
పాలు ఎక్కువ పట్టాలా, తక్కువా?"
కుడిచేతిలో ఒక కవరు,
అంచు ఇంకా అంటుకునే ఉంది.
వచ్చే అవకాశం సగం, రాకపోయేది సగం.

డాక్టరు రెండో అంతస్తులో ఉంటారన్నాను.
అంతకుమించి చెప్పే అధికారం నాకు లేదు.
"కదలకు" అన్నాను.
ఎడమచెయ్యి కదల్లేదు,
ఉప్పుమడిలో నీళ్లలా పరుచుకుని ఉంది.
ఇనుప చెయ్యి దానిమీదుగా వెళ్లి వచ్చింది.

కుడిచెయ్యి వణుకుతూనే ఉంది.
దాన్ని తూచమని
నాకెవరూ రాసివ్వలేదు.