మర్శిన వాక్యం

పురానీ హవేలీ కోర్టు గేటు పక్కన
ఇరవై రెండేండ్ల సంది నా మిషను.
‘ట’ అక్షరం కొంచెం ఎగిరి పడ్తది,
అది చూసే గుమాస్తాలు
దస్తప్ప టైపు అని గుర్తుపడ్తరు.

మణెమ్మది శాలిబండ కిరాయి అర్ర కేసు.
ఆమె లేకుంటనే తీర్పయింది.
మళ్ల వినండ్రని అఫిడవిట్ నేనే కొట్టిన,
ఒక వాక్యం మర్శిన.
“పై సంగతులు నాకు చదివి వినిపించగా
నిజమని ఒప్పుకొని వేలిముద్ర వేసితిని.”
పదివేల సార్లు కొట్టింటా.
వేళ్లకే తెల్సు, నాతోని పని లేదు.
ఆ దినం రిబ్బను తిప్పుతుంటే చాయ్ వచ్చింది,
చాయ్ తోని వాక్యం పోయింది.
తేదీ కాడ గూడ ఖాళీ గీత.
నోటరీ అజీజ్ సాబు చూడకుంటనే
ముద్ర గుద్ది నమాజుకు లేసిండు.

అవతలి వకీలు కాయితాన్ని
రెండు వేళ్లతోని లేపిండు,
సచ్చిన బల్లిని ఎత్తినట్టు.
“ఇది ప్రమాణం కాదు మేడమ్, ఉత్త కాయితం.”

తలుపు కాడ నిలవడ్డ నాకు
కడుపుల ఎవరో కారేజీ గుంజినట్టయింది.

జడ్జమ్మ కండ్లద్దాలు తీసి తుడ్సింది.
“నోటీసొచ్చిన దినం ఎక్కడున్నవమ్మా?”
“ఉస్మానియాల. మా తమ్మునికి డయాలసిస్.
మంచం దొరకలే, వరండాల పన్నం.
పక్కన పన్నామె పేరు గూడ చెప్త, రాస్కోండ్రి.”
ఎవరూ రాస్కోలే.
ఫ్యాను గాలికి కాయితం లేస్తుంటే
బంట్రోతు దానిమీద స్టాప్లర్ పెట్టిండు.

“రాత తప్పు, దిద్దుకోవచ్చు.
దీనికని ఆమె మాట పారేస్తమా?
వారంల సరిజేసి తేండ్రి.
అప్పటిదాంక దీన్నే తీస్కుంటున్న.”

మాపటికి మణెమ్మ నా బల్ల కాడికొచ్చింది.
పైసలొద్దన్న. అయినా ముప్పై పెట్టింది.
కొత్త కాయితం ఎక్కించి కొట్టి
చదివి వినిపించిన, ఈసారి నిజంగనే.
బొటనేలు సిరాల అద్దుకుంట అడిగింది:
“నిజమని ఇప్పుడు ఒప్పుకుంటున్ననా?
మరి మొన్న నేను చెప్పిందేందన్నా?”

నాకు జవాబు రాలే.
అమ్మకముందే అమ్ముడువోయిన జాగలు,
పుట్టకముందే సంతకం పెట్టిన వారసులు,
అన్నీ ఈ మిషను మీదికెల్లే పోయినయి,
ఒక్క వాక్యం తగ్గకుంట.
ఒక్కటి గూడ వాపసు రాలే.

పాత పేపరుకు వేలు తుడ్సుకొని
అఫ్జల్‌గంజ్‌కు బస్సు దొరుకుతదా అన్నది.
దొరుకుతది అన్న.
నమ్మి పోయింది.