ఉప్పు గీతలు

రాత్రి రెండు దాటింది. మంచు ఇంకా మొదలవలేదు.
ఈరీ సరస్సు మీంచి వస్తోందని రేడియో
మూడు గంటలుగా చెబుతూనే ఉంది.
మునిసిపల్ షెడ్డులో మంచు తోసే లారీలు ఆరు
బ్లేడ్లు దించుకుని, ముక్కు నేలకానించి పడుకున్నాయి.
హీటరు చుట్టూ మేం నలుగురం.
చేతికి పని లేకపోతే మావాళ్ళ నోటికి
ఒకటే పేరు దొరుకుతుంది:
లోనీ స్ట్రాకా.

పదకొండేళ్ళు మా జట్టుకి క్వార్టర్‌బ్యాక్.
కప్పు లేదు. విగ్రహం లేదు.
స్టేడియం వెనక పార్కింగుకి పోయే సందుకైనా
అతని పేరు పెట్టలేదు.

"పెద్ద ఆటలో చేతులు వణికేవాడికి విగ్రహం ఒకటా!"
కాఫీ ఊదుకుంటూ అన్నాడు ఆర్విడ్.
"మూడుసార్లు గుమ్మం దాకా తీసుకెళ్ళాడు.
మూడుసార్లూ ఆ గుమ్మమే తగిలి పడ్డాడు."
"గుమ్మం దాకా ఇంకెవడు తీసుకెళ్ళాడ్రా, మీ బాబా?"
బ్రోనియా కుర్చీ ముందుకి జరిపింది.
మాతో చేరకముందు తొమ్మిదేళ్ళు
ఆ జట్టు బట్టలుతికిన మనిషి.
"మీరు అంకెలు చూశారు, నేను చొక్కాలు చూశాను.
మిగతావాళ్ళకి గడ్డి మరక ఛాతీ మీద.
అతనికి వీపంతా.
అడ్డు నిలబడాల్సినవాళ్ళు నిలబడకపోతే
మనిషి ఆకాశం చూస్తూ పడతాడు."

అంకెలన్న మాట వింటే ఓటిస్ ఆగడు.
డిసెంబరు గాలిలో నూటికి అరవై పాసులట,
పైకప్పు కింద, వెచ్చగా, చొక్కా నలక్కుండా ఆడేవాళ్ళతో
పోలికేమిటట.
ఎవరూ వినలేదు.
ఎప్పటిలాగే అందరం ఆ బంతి దగ్గరికే చేరాం.

ఆ జనవరి. పదకొండు సెకన్లు. నాలుగు పాయింట్లు వెనక.
ఎవరూ లేని చోటికి విసిరాడు.
బంతి మంచులో దిగబడి
పొదిగే కోడిలా కదలకుండా కూర్చుంది.
నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
మా నాన్న రేడియో కట్టేసి, గరాజులోకి వెళ్ళి,
తెల్లారేదాకా
ఏమీ పాడవని కారుని బాగుచేశాడు.

ఆర్విడ్ పారెడు రోడ్డు ఉప్పు తెచ్చి నేల మీద పోశాడు.
వేళ్ళతో గీతలు లాగాడు.
ముగ్గు తెలిసిన చెయ్యి కాదు, అన్నీ వంకర.
నట్లు మనవాళ్ళు, బోల్టులు వాళ్ళు,
కాఫీ కప్పు మూత లోనీ.
"వార్డెల్ ఇదిగో, ఇలా బయటికి పరిగెత్తాడు.
వీడు లోపలికి విసిరాడు. అయిపోయింది కథ."

"లోపలికే పరిగెత్తాలి," అంది బ్రోనియా.
"కుర్రాడు మర్చిపోయాడు.
ఆ రాత్రి మాసిన బట్టల గంపల వెనక
ముఖం తువ్వాల్లో దాచుకుని ఏడుస్తుంటే
లోనీ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏమీ అనలేదు.
తర్వాత బయటికెళ్ళి విలేకర్లకి ఒక్క మాటే చెప్పాడు:
'చెయ్యి జారింది.'"

హీటరు టక్కుమని ఆరి మళ్ళీ వెలిగింది.
ఆర్విడ్ చాలాసేపు ఉప్పునే చూశాడు.
"ముప్పైయేళ్ళు తిట్టాను వాణ్ణి," అన్నాడు చివరికి.
"ఇప్పుడదంతా ఎక్కడ పెట్టుకోమంటావు?"
"రెండో క్వార్టరులో బంతి జారవిడవకపోతే
అసలు అంతదాకా వచ్చేదే కాదుగా,"
మళ్ళీ మొదలెట్టాడు ఓటిస్.

అప్పుడొచ్చింది మంచు, తలుపు కింది సందులోంచి,
అడక్కుండా లోపలికొచ్చే పిల్లిలా.
లారీలు లేచాయి.
బూట్ల కింద ఉప్పు గీతలు, ఆ జనవరి, ఆ పదకొండు సెకన్లు
తలా కాస్త అంటుకుని బయటికెళ్ళాయి.

నాలుగింటికి మిల్ రోడ్డు ఎక్కాను.
లోనీ ఇల్లు చివర్న. ఇప్పుడతను నీటి హీటర్లు అమ్ముతాడు.
కుడిచెయ్యి భుజం దాటి లేవదు,
మంచు ఎత్తిపొయ్యాలంటే ఎడంచెయ్యే దిక్కు.
రోడ్డు మీది మంచుని మేం పక్కకి తోస్తే
వీధంతా ప్రతి వాకిలికీ అడ్డంగా మోకాలెత్తు గట్టు పడుతుంది.
అతని వాకిలి దగ్గర బ్లేడు కాస్త తిప్పుదామనుకున్నాను,
రూలు ఒప్పుకోకపోయినా.

నాకంటే ముందే ఎవరో వచ్చి వెళ్ళారు.
అందరి వాకిళ్ళకీ గట్టు ఉంది.
ఆ ఒక్కదానికీ లేదు.

అది ఆర్విడ్ రూటు కాదు.
తెల్లారాక షెడ్డులో అడిగాను.
నా వైపు చూడకుండా చేతిజోళ్ళు దులుపుకుంటూ అన్నాడు:
"బ్లేడు జారింది."