ఏడో సీసా

మలై కాజా నోట్లో పెట్టుకుంటే
ఇసక.

ట్రంకు రోడ్డు అంగట్లో నా డబ్బుతో కొన్న కాజానే.
వేళ్ళకి పాకం అంటుకుంటానే ఉంది,
నాలుక మాత్రం
ఎండాకాలం పెన్న అంటోంది.

అంతకు ముందే పోలమ్మ ఇచ్చిన
పొడపత్రి ఆకులు రెండు
దవడ కింద నలిపి ఉన్నాను.

"చూశావా అబ్బయ్యా,
తీపి కాజాలో లేదు, నీ నోట్లో ఉండాది"
అని నవ్వింది ఏకొల్లు పోలమ్మ,
ఉదయగిరి దుర్గం కింద నుంచి
తొలి బస్సుకి వచ్చి
మా మెట్ల మీద కూచుని.

నేను మందుల కాలేజీలో
గాజుసామాను కడిగేవాణ్ణి. ఇరవై రెండేళ్ళు.
పోయిన బుధవారం నా షుగరు
రెండొందల ఎనభై.

ఆకుని నీడనే ఆరబెట్టాలని
పుస్తకం చూసి చెప్పింది రజియా మేడమ్.
పుస్తకం లేకుండానే చెప్పింది పోలమ్మ.
దంచి, స్పిరిట్‌లో నానేసి,
తిరిగే బుడ్డిలో ఆవిరి పట్టి,
నిలువు గాజుగొట్టంలో తెల్లపొడి మీద పోస్తే
కొండ పసరంతా
పన్నెండు సీసాల్లోకి దిగుద్ది,
చుక్క, చుక్క,
మధ్యాన్నం అన్నం మానేసి చూసేంత నిదానంగా.

సీసాల మీద పేర్లుండవు, అంకెలే.
పోలమ్మ పేరు రిజిస్టరులో ఒక్కచోట ఉంది,
గోతానికి ఎంతిచ్చామో రాసిన చోట,
పెన్సిల్‌తో.

తెల్ల ఎలకలకి ముందు సూదేసి
నా జబ్బు తెప్పిస్తారు.
రాత్రంతా నీళ్ళు తాగేవి అవి,
గొట్టం మూతిని పళ్ళతో టిక్కు టిక్కుమనిపిస్తా.
ఆ దాహం నాకెవరూ చెప్పక్కర్లేదు.
ఏడో సీసా పోసిన గూట్లో మాత్రం
ఇరవయ్యో రోజుకి
నీళ్ళు సగం మిగిలాయి.
మేడమ్ అంకె మూడుసార్లు చూసింది.
ఆ పూట అందరికీ కాజాలు పంచి
షుగరున్నోణ్ణని నన్ను దాటేసింది.

రెండో గోతం వచ్చింది.
అదే గొట్టం, అదే తెల్లపొడి, అదే ఏడో సీసా.
గూళ్ళనిండా టిక్కు టిక్కు.

"సీసా సరిగ్గా కడిగావా?"
కడిగాను మేడమ్.
ఇరవై రెండేళ్ళలో అడగని మాట అది.

అందుకే ఇవాళ పోలమ్మని పిలిపించారు.
"వాన పడ్డంక ఉబ్బిన ఆకు అది.
పూతకి ముందు కోస్తేనే పనికొచ్చేది.
ఏ నెలదని అడిగితిరా?
గోతం నిండాలంటిరి, నింపినా."

మేడమ్ ఏమీ అనలేదు.
జేబులో పెన్ను ఉందో లేదో తడుముకుంది.

"నీకు షుగరు రాదులే, ఈ ఆకు తింటావు గదా" అన్నాను.
వక్కాకు తిత్తి విప్పింది.
తమలపాకు, పోక, సున్నం డబ్బీ,
వాటి కింద సర్కారు ఆస్పత్రి మాత్రల అట్ట.
"నాలుగేళ్ళాయె. పొద్దునొకటి, రాత్రికొకటి.
ఆకు నోటికి బుద్ధి చెబుద్ది అబ్బయ్యా,
నెత్తురికి చెబుద్దో లేదో
ఎలకల్ని అడిగి మీరే చెప్పాల."

ఈ మాత్ర కూడా
ఎక్కడో చలిదేశంలో పొలం గట్టున మొలిచే
ఓ మొక్క దగ్గర మొదలైందంట.
మేడమ్ చెప్పింది.
ఆ మొక్కని ఏ నెలలో కోశారో,
కోసిన చేతికి గోతానికెంత ఇచ్చారో,
అది చెప్పలేదు.

పోలమ్మ మిగిలిన కాజాలు మూటగట్టుకుంది.
"మనవరాలికి" అంది. నేను నమ్మలేదు.
మూడున్నర బస్సెక్కింది.

సాయంత్రం సీసాలు పదకొండు కడిగాను.
ఏడోదాని మీద అంకె పక్కన
చెరగని సిరాతో రాశాను:
పోలమ్మ. పూతకి ముందు.

తర్వాత నా మాత్ర వేసుకున్నాను.
నాలుక మీద ఆకు ఇంకా దిగలేదేమో,
టీలో చక్కెర వేశారో లేదో తెలియలేదు గానీ
మాత్ర చేదు మాత్రం
చేదుగానే ఉంది.
దాన్ని ఆకు ముట్టుకోలేదు.