బెత్తెడు తక్కువ

నిరుడు వానలకు ముందు కొలిచినప్పుడు
ముప్పై మీటర్ల మీద మూరెడు ఎక్కువ.
ఈసారి బెత్తెడు తక్కువ.

ఖాజాగూడ అవతల
అద్దాల మేడల నడుమ ఇరుక్కున్న ఈ గుట్టకు
మా దఫ్తరులో పేరు లేదు, నంబరుంది.
ముప్పై దాటితే గుట్ట.
దాటకపోతే ఉత్త బండ.

మళ్లీ చూద్దాం, అన్నాను.
బందగీ చెప్పులు కింద వదిలి
ఆఖరి గుండు నెత్తిమీద కోల నిలబెట్టాడు.
"కాళ్లు కాలవా?"
"కాల్తయ్ మేడం. కానీ జారవు."
గాజులో బుడగ అటూ ఇటూ తారట్లాడి
నడిమికొచ్చి ఆగింది.
అదే అంకె.

పైన ఎవరూ ఏమీ చెయ్యలేదు.
నిరుటి సున్నపు గుర్తు అట్లాగే ఉంది,
దాని పక్కన దండీలు తీసే తొండ కూడా
బహుశా నిరుటిదే.
సుత్తి పడలేదు, మందు పేలలేదు.
మరెట్లా పొట్టిదైంది?

దిగి చూస్తే తెలిసింది.
ఈ గుట్టకూ పక్క గుట్టకూ మధ్య
మేకలు పోయే సందు ఒకటుండేది.
అర్ధరాత్రి లారీలొచ్చి
కూల్చిన ఇళ్లను అందులో పోసి పోతున్నాయి.
సగం మెట్టు,
నీలిరంగు స్నానాల గోడ,
ఇంకా పసుపు వదలని గడప.

తల మీద దెబ్బ వేయకుండా
కింది నేల లేపి పొట్టి చేయొచ్చని
ఇరవై రెండేళ్లు కొలిచే కొలువు చేసి
ఇవాళ నేర్చుకున్నాను.

సిమెంటు పెళ్లల మీంచి మేకల్ని తోలుతూ
ఈదమ్మ ఆగింది.
"ఏం కొలుస్తున్రు బిడ్డా?"
"ఈ గుట్టనే. పేరు లేదు దీనికి."
"లేకేం? చాందు గుండు.
రంజాన్ నెలకు సాయిబులు దీని మీదకెక్కి చూసేటోళ్లు.
మేం కింద నిలబడి
వాళ్ల మొకాలు చూసేటోళ్లం.
నవ్విన్రంటే, తెల్లారితే సేమియాలు."
మేకొకటి గడప వాసన చూసి
ముందుకు పోయింది.

పుస్తకం తెరిచాను.
పేరు గడిలో రాయడానికి చోటుంది.
ఎత్తు గడి నిండితేనే
పేరు గడి తెరవాలి, అది రూలు.

బందగీ తన చెప్పులు చేతిలో పట్టుకుని
మళ్లీ గుట్టెక్కుతున్నాడు.
పైనించి కేకేశాడు:
"మేడం! కోల కింద
రెండూ ఒకదాని మీదొకటి పెడ్తే
బెత్తెడైతది."

నవ్వుతున్నాడో లేదో
ఎండలో కనబడలేదు.
నేను వంగి, కన్ను అద్దానికి ఆనించి,
పెన్సిలు చెవిమీంచి తీశాను.