మామూలు నడక

పొద్దున్నే వచ్చి దండం తిప్పుతాను.
కాలిబ్రేషన్ వాండ్ అంటారు గానీ
ఖాళీ గదిలో గాలికి ఊపుతుంటే
ఎవరికో దిష్టి తీస్తున్నట్టే ఉంటుంది.
గోడల మీద పది కెమెరాలు, పది ఎర్రకళ్లు.
ఒక్కొక్కటీ పచ్చబడేదాకా ఊపాలి.
హబ్సిగూడ, మూడో అంతస్తు.
పక్కన మెట్రో పోయినప్పుడల్లా
నేలలో పాతిన ఫోర్స్ ప్లేటు గీత సన్నగా వణుకుతుంది.
రైలుక్కూడా ఒక అడుగుంటుందని
ఈ ఉద్యోగంలో చేరాకే తెలిసింది నాకు.

ఇవాళ వచ్చింది పదిహేడో నంబరు.
ఫారంలో పేరు రాయకూడదు.
పేరు అంతయ్య. మలక్‌పేట గంజులో హమాలీ.
ఇరవై ఆరేళ్లుగా ఉల్లిగడ్డ బస్తా
కుడిభుజం మీదికే ఎక్కిందట.
చొక్కా విప్పితే అక్కడ
చర్మం పాత చెప్పు అట్టలా ఉంది.
స్పిరిట్‌తో తుడిచి, టేపు ముక్కలు కత్తిరించి
వెండిరంగు గోళీలు అతికించాను,
మడమకి, చీలమండకి, మోకాలికి, తుంటికి,
మెడ వెనక ఏడో పూసకి.
మొత్తం ముప్పై తొమ్మిది.
"గిదేంది బిడ్డా, బోనాల్ల పోతరాజు లెక్క జేస్తున్నవ్?"
నవ్వాడు. ఆ నవ్వుకి రొమ్ము మీది గోళీ ఊడి
బల్ల కిందికి దొర్లింది.

"ఆ గోడదాకా, మామూలుగా నడువు పెద్దయ్యా" అన్నాను.
మామూలుగా అనగానే
కాళ్లు ఎవరివో అయిపోయాయి.
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.
బ్యాంకులో మేనేజరు గదిలోకి పోతున్నట్టు
అడుగు తీసి అడుగేశాడు.
అందరూ అంతే.
చూస్తున్నారని తెలిస్తే నడక దాక్కుంటుంది.
పన్నెండుసార్లు తిప్పాను.
పదమూడోసారికి విసిగి, మమ్మల్ని మరిచిపోయి
నడిచాడు.

అప్పుడు చూశాం ఫర్హత్, నేను, తెర మీద
ముఖం లేని చుక్కల మనిషిని.
బస్తా లేదు. భుజం ఖాళీ.
అయినా మెడ ఎడమకి ఒదిగి చోటిచ్చింది.
నడుము అటే ఒరిగి
లేని బరువుకి సాటి కట్టింది.
గదిలో ఎవరికీ కనపడని యాభై కిలోలు
చుక్కలన్నీ కలిసి మోసుకుంటూ
ఈ గోడ నుంచి ఆ గోడకి పోయాయి.
ఫర్హత్ ఏదో అనబోయి
ఫైలు సేవ్ చేసింది.

ఆయనొచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు.
"నువ్వు తొక్కితే నేల తిరిగి తోస్తుంది,
ఆ తోపుడే ఈ గీత" చెప్పాను.
రెండు మూపుల గీత. వేలితో గాల్లోనే తడిమాడు.
"గట్లనా!
ఇన్నేండ్లు నేనొక్కన్నే మోస్తున్ననుకున్న."
దానికి కాలమ్ లేదు నా ఎక్సెల్ షీటులో.

ఐదొందల కవరు ఇస్తే
ఒట్టిచేతుల్తో నడిచినందుకు పైసలేందని
మూడుసార్లు అడిగి, లోపలి జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం గోళీలు లెక్కపెడితే ముప్పై ఎనిమిది.
బల్ల కింద లేదు, చీపురుకి రాలేదు.
పోయిందని రిజిస్టరులో రాయాలి.
పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశాను.

ఈపాటికి గంజులో నాసిక్ లారీ ఆగి ఉంటుంది.
వెనకొచ్చే బండి లైట్లు పడ్డప్పుడల్లా
గోనెసంచి పక్కన, మెడ వెనక
ఒక్క చుక్క తళుక్కుమంటూ
కొంచెం ఎడమకి వాలి
చీకట్లో పోతూ ఉంటుంది,
కెమెరాలు లేవు కాబట్టి
మామూలుగా.